స్పీడు తక్కువ క్యాసెట్టు

నేను ఒక క్యాసెట్టుని. పుట్టింది ఇంగ్లండులోని బ్రిస్టల్లో. నలుగురు మగాళ్లూ ఒక అమ్మాయీ కలిసి చేసిన మొదటి ఆల్బమ్ నా కడుపులో ఉంది. ఆ రకం సంగీతాన్ని ట్రిప్ హాప్ అంటారు. తాళం నత్తనడక నడుస్తుంది. అమ్మాయి గొంతు బాగా కిందికి దించి గుసగుసగా పాడుతుంది. పైగా అరిగిపోయిన పాత రికార్డుల చిటపటలు ఏరి తెచ్చి మరీ పాటల్లో కలిపారు. ఏరిన బియ్యంలో మళ్లీ రాళ్లు కలపడమేమిటని మీకు అనిపించొచ్చు. అక్కడివాళ్లు మాత్రం ఎగబడి కొన్నారు.

ఓడలో వంటచేసే యోనా నన్ను ఆ ఊరి బజార్లో కొని విశాఖపట్నం తెచ్చి, చెల్లెలు ఎస్తేరు చేతిలో పెట్టాడు. ఎస్తేరుకి పాటంటే ప్రాణం. గొంతేమో బొంగురు. చర్చిలో పాటల గుంపుతో నిలబెట్టి, పెదాలు మాత్రం కదపమన్నారట. దేవుడిచ్చిన గొంతు దేవుడికే పనికిరాదని తేల్చిన ఆ పెద్దల సంగతి విని నాకు ఒళ్లు మండింది.

నన్ను మొదటిసారి విన్నప్పుడు ఆమె కదలకుండా కూర్చుంది.

"అన్నియ్యా, ఈ పిల్లదీ నా గొంతులాటిదే. ఆళ్ల ఊర్లో ఇలాగ పాడినా పాటే అంతారా?"

"డబ్బులిచ్చి మరీ వింతారు," అన్నాడు యోనా.

ఆ మాట ఆమెకు ఎక్కడలేని ధైర్యం ఇచ్చింది. పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపే భూషణం గారు కొత్త గాయని కోసం వెతుకుతున్నారని తెలిసి, కొత్తగా ఏదీ రికార్డు కాకుండా నా నెత్తిమీద ఉంచిన రెండు కన్నాలకు కాగితం అంటించి, రెండో వైపు చివర మిగిలిన ఖాళీలో తన పాట రికార్డు చేసింది. కాస్త వెనక్కి తిప్పి తీసుకెళ్లింది. ముందు ఆ దొరసాని పాట వింటే, ఇలాంటి గొంతులూ పాడతాయని ఆయనకు తెలుస్తుందని ఆమె ఆశ.

భూషణం గారు నన్ను తన టేపురికార్డరు మిషన్లో పెట్టారు. దొరసాని పాట మొదలైంది.

"ఏటమ్మా ఇది, పకోడీలు వేగుతున్నాయా?" అన్నారు. వాయిద్యాలవాళ్లు నవ్వారు. "మోటారు వీకైపోయినట్టుంది. ఈడ్చుకుంటూ తిరుగుతోంది." ఆయనకు తన చెవిమీద మహా నమ్మకం. మూత విప్పి, సన్న స్క్రూడ్రైవరుతో మోటారు వెనక మర తిప్పుతూపోయారు. దొరసాని తాళం పెళ్లి ఊరేగింపు డప్పులా పరుగెత్తాక, "ఇదిగో, ఇప్పుడు దారిలో పడ్డాది," అని చేతులు దులుపుకున్నారు.

ఆ స్పీడులోనే ఎస్తేరు పాట వచ్చింది. కోడిపిల్ల కీచుమన్నట్టు వచ్చింది. తబలా అతను కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"నా గొంతు ఇది కాదండి," అంది ఎస్తేరు.

"టేపు అబద్ధమాడదమ్మా. పోనీ, ఇక్కడ పాడు."

ఆమె పాడింది. తన గొంతుతో పాడితే సరిపోయేది. కానీ ఇప్పుడు విన్నదే నిజమేమోనన్న భయంతో, ఆ కీచు శ్రుతిని అందుకోబోయింది. రెండో పదానికే గొంతు జీరబోయి ఆగిపోయింది. భూషణం గారు చెడ్డవారు కాదు. కాఫీ తాగి వెళ్లమన్నారు.

ఇంటికొచ్చి ఎస్తేరు నన్ను తన మిషన్లో పెట్టింది. ఆమె పాట నిండుగా, నిబ్బరంగా వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడైనా తెలుసుకుంటుందనుకున్నాను.

ఆమె చివరిదాకా విని, వాళ్లమ్మతో మెల్లగా అంది: "మన మిషనే పాడైపోనాదమ్మా. మోటారు వీకు. ఇన్నాళ్లూ దీని మాటే నమ్మీసినాను."

ఆమె మళ్లీ పాడలేదు. వంట చేసుకుంటూ కూడా పాడలేదు. ఆ మిషన్నీ, నన్నూ కలిపి పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. ఈ తుక్కులో నన్ను తిప్పే నాథుడు లేడు, దానికి నాకు బాధలేదు. ఆమెకు నిజం చెప్పడానికి నాకున్న నోరు ఆ పాట ఒక్కటే. చెప్పాను. నమ్మలేదు.