తువ్వాలు కింద కోట

2004 ఏప్రిల్ పదకొండు, ఆదివారం. మధ్యాహ్నం గోంగూర మాంసం, నంజుకోను పచ్చి ఉల్లిపాయ. ఆ భోజనం మాలిక్‌కు ఎన్నేళ్లయినా గుర్తుంది. అది తిన్నాక తన ఆటగాళ్లు ముగ్గురూ ఎలా ఆవులించారో ఇంకా బాగా గుర్తుంది.

ఆట అతను హైదరాబాదు హాస్టల్లో నేర్చుకొచ్చింది. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో మనుషులైపోయి, తామేం చేస్తారో చెప్పి పాచికలు వేయాలి. గుంటూరులో వాళ్ల మేడగదిలో నెల రోజులుగా ఒక రాక్షసుడు కొండకోటను ముట్టడిస్తూనే ఉన్నాడు. కోట కాపలావాళ్లుగా ఆడుతున్న ముగ్గురిలో లక్ష్మీకాంత్ సెల్‌ఫోన్ ఆటలో పాముకు మేత వేస్తున్నాడు. బుల్లయ్య గోడకు చేరగిలబడ్డాడు. మాలిక్ చెల్లెలు ఫిజా జడ విప్పి మళ్లీ అల్లుకుంటోంది.

"ఒరేయ్, రాక్షసుడు తలుపు బాదుతున్నాడ్రా!" అన్నాడు కథ నడిపే మాలిక్.

"బాదనీరా. నా వంతొస్తే లేపు," అన్నాడు బుల్లయ్య.

"వచ్చేవారం నుంచి క్యారమ్స్ ఆడుకుందాం భయ్యా. పాపం, రాక్షసుడు కూడా అలిసిపోయుంటాడు," అంది ఫిజా.

క్యారమ్ బోర్డు గదిలోకొస్తే కోట కథ అంతటితో సరి. మాలిక్‌కు దండెం మీద నాన్న తువ్వాలు కనబడింది. మిర్చి కమీషన్ వ్యాపారి ఆయన. యార్డులో ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లు ముఖాలు చూసి ఊహించుకోవాల్సిందే.

తువ్వాలు లాగి చేతిమీద కప్పుకున్నాడు.

"ఇక నోటితో చెప్పొద్దు. నా వేలు ఒకటి నొక్కితే పోరాటం, రెండు నొక్కితే పరుగు. మూడు నొక్కితే కోట తాళం రాక్షసుడికి అమ్మేసినట్టు."

బుల్లయ్య నిటారుగా కూర్చున్నాడు. "అమ్మితే ఏమిస్తాడేంటి?"

"సగం రాజ్యం."

బుల్లయ్య చెయ్యి తువ్వాలు కింద దూరింది. మాలిక్ ముఖం కదల్లేదు.

"ఏం నొక్కావురా?" లక్ష్మీకాంత్ అడిగాడు.

"పోరాటమే. ఒట్టు."

"ఎవరూ ఒట్టెయ్యమనకుండానే ఒట్టేశాడంటే అమ్మేశాడన్నా," అంది ఫిజా లక్ష్మీకాంత్‌తో.

సెల్ మోగింది. లక్ష్మీకాంత్ చూడకుండానే దాన్ని దిండు కింద తోసి, తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. ఆఖర్న ఫిజా పెట్టింది, అమాయకంగా పైకప్పు చూస్తూ.

"కోట తలుపు తెరుచుకుంది," అన్నాడు మాలిక్. "లోపలినుంచి."

ఇక చూడాలి గొడవ! చీకటిపడి కింద నుంచి అమ్మ కేకేసినా తెగలేదు. మెట్లు దిగుతూ కూడా ఒకరినొకరు ద్రోహి అనుకుంటూనే ఉన్నారు.

"ఆదివారందాకా ఆగేదెవర్రా? రేపే తేలాలి!" అని వీధిలోంచి బుల్లయ్య అరిచాడు.

ముగ్గురూ మూడు వేళ్లే నొక్కారు. ఒక్క కోటను మూడుసార్లు కొన్న రాక్షసుడు సగం రాజ్యాన్ని ముగ్గురికెలా పంచాలో రేపు చూసుకోవచ్చు. మాలిక్ నవ్వు వాళ్లకు వినబడకుండా మేడగది తలుపు మెల్లగా మూసి గడియపెట్టాడు.