హెడర్ బాబాయ్

కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు కంప్యూటర్ తెరకు ఆనేంత దగ్గరగా వంగి చదువుతున్నాడాయన. గాలిలో వైఫై మోసుకొచ్చే ప్రతి సమాచారపు ప్యాకెట్‌కూ ముందు ఒక హెడర్ ఉంటుంది. ఎవరు పంపారు, ఎవరికి పంపారు అన్నది అందులో తెలుస్తుంది. సంకేతం ఎంత బలంగా అందిందో అందుకున్న పరికరం దానికి జోడిస్తుంది. లోపలి సమాచారం జోలికి పోకుండా ఆ ముందుభాగాన్ని మాత్రమే చదివే కెర్నెల్ మాడ్యూల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలే కూర్చుని పనిచేసే చిన్న ప్రోగ్రామును, ఆయన సొంతంగా రాశాడు. ఉద్యోగమంతా దానికి మరమ్మతులు చేయడంలోనే గడిచిపోయింది. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆయన హెడర్ బాబాయ్.

ఇంట్లో రౌటర్‌లోనూ అదే మాడ్యూల్ పెట్టుకున్నాడు. తల్లి పోయాక తనను పెంచిన అక్కకు ఈమధ్య గుండె బలహీనపడింది. ఆమె చేతికి ఆయన కట్టిన పట్టీ పంపే సంకేతం బలంగా ఉంటే ముందుగదిలో ఉన్నట్టు, తగ్గితే వంటింట్లో ఉన్నట్టు. ఆఫీసు తెర మూలన ఆ బలం చూపే అంకె కదులుతుంటే ఆయనకు ధీమా.

"ఆవుకు గంట కట్టినట్టు కట్టావు కదరా! గిన్నెలు తోముతుంటే ఒరుసుకుంటోంది," అని పొద్దున కూడా సణిగింది అక్క. "ఏదో ఒకరోజు పిల్లి మెడలో వేస్తాను. దాన్నే అక్కా అని పిలుచుకో."

ఆయన నవ్వుతూ చెప్పులు వేసుకున్నాడు. అక్క గుమ్మం దాకా వచ్చింది.

"మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రారా. ఒంట్లో ఏదోలా ఉంది."

"వస్తాలే అక్కా."

మధ్యాహ్నం ఆఫీసులోని మాడ్యూల్ మొరాయించింది. ఇంటికి ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. తెర మూలకు చూశాడు. అంకె పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది.

"ఇంటికెళ్తానన్నారుగా, వెళ్లండి బాబాయ్," అంది పక్క సీటు అమ్మాయి. "ప్యాకెట్లు ఎక్కడికీ పారిపోవు."

"పారిపోవడమే కదమ్మా వాటి పని! ఇదిగో, ఇల్లంతా తిరుగుతూనే ఉంది. మా అక్క ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఫోను ఎక్కడో పెట్టి మరిచిపోయుంటుంది."

క్యాంటీన్‌లో ఏదో తిన్నాననిపించి పనిలో పడ్డాడు.

సాయంత్రం తలుపు తీసేసరికి అక్క కుర్చీలో తల వాల్చి ఉంది. చెయ్యి చల్లగా తగిలింది. పక్కింటాయన పరుగున వెళ్లి డాక్టర్ని తీసుకొచ్చాడు.

"మధ్యాహ్నం బాగా దాటాక జరిగినట్టుంది," అన్నాడు డాక్టరు మెల్లగా. "నిద్రలోనే పోయారు. బాధపడి ఉండరు."

ఆ చివరి మాట కోసం ఆయన మనసులోనే డాక్టరుకు దణ్ణం పెట్టుకున్నాడు. కానీ ఎప్పుడూ కిటికీ వైపుండే కుర్చీ ఇవాళ గుమ్మానికి ఎదురుగా తిప్పి ఉంది. బల్ల మీద రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. రెండూ పొడిగానే ఉన్నాయి.

వంటింట్లోంచి పిల్లి వచ్చి ఆయన కాళ్లకు ఒరుసుకుంది. దాని మెడలో, నొక్కుకోకుండా వేలు దూరేంత వదులుగా, అక్క జడరిబ్బనుతో ముడివేసిన పట్టీ మీద పచ్చదీపం వెలిగి ఆరుతోంది.