నా అడుగున నాలుగు తేదీలు

నేను ఒక మట్టికుండీని. పొడవు జానెడున్నర, లోతు నాలుగు వేళ్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని నన్ను చేసిన కుమ్మరి నా అంచును కాస్త లోపలికి వంచాడు. కడియం నర్సరీలో పనిచేసే అబ్బులు నాలో ఒక ఫైకస్ బోన్సాయ్ నాటాడు. రాజమండ్రిలో ఫిజియోథెరపీ క్లినిక్ నడిపే సోమయాజులు మాష్టారు మా ఇద్దర్నీ కొని, రోగులు కూర్చునే గదిలో కిటికీ పక్కన పెట్టారు. నడుములూ మెడలూ పట్టేసినవాళ్లు నా ముందే కూర్చుని, "పాపం, ఇంత చిన్న కుండీలో చెట్టు ఎలా ఉంటుందో" అనేవారు. అంత చెట్టును మోస్తున్న నన్ను చూసి పాపమన్నవాళ్లు లేరు.

మాష్టారు రెండేళ్లకోసారి చెట్టును బయటికి తీసి, వేళ్లు కత్తిరించి, కొత్త మట్టితో మళ్లీ నాలోనే పెట్టేవారు. ఆయన పోయాక క్లినిక్కూ మేమూ ఆయన శిష్యురాలు ఇందుమతి చేతికొచ్చాం. మంచి మనిషి. ఎంత మంచిదంటే, అది మాష్టారు పెట్టిన మట్టి అని ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. క్లినిక్ ఊడ్చే చిట్టెమ్మ కూడా నన్ను ఎత్తకుండా చుట్టూ తుడవాల్సిందే.

అలా మట్టి మార్చి ఎనిమిదేళ్లయింది. నాలో మట్టి కంటే వేళ్లే ఎక్కువయ్యాయి. పోసిన నీళ్లు పైనే నిలిచి, పక్కల నుంచి పళ్లెంలోకి జారిపోయేవి. అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికొచ్చాయి. ఆకులు పసుపెక్కి రాలుతుంటే ఇందుమతి దాహమనుకుని ఇంకా నీళ్లు పోసింది, నీరసమనుకుని ఎరువు వేసింది. నడుము నొప్పి అంటే అరగంట పరీక్షించే మనిషి, నన్ను ఒక్కసారి పైకెత్తి చూడలేదు. నాకు ఒళ్లు మండేది.

డిసెంబరులో ఒక కొమ్మ ఎండిపోయాక, మట్టి మార్చాలేమోనని అబ్బులుకు ఫోను చేసింది.

"ఇప్పుడొద్దండి. సలిలో కోస్తే ఏళ్లు లేవవు. తొలకరి పడనియ్యండి, నేనే వత్తాను," అన్నాడు.

తొలకరి పడి అబ్బులు వచ్చేసరికి ఆషాఢం వచ్చేసింది. "ఆషాడంలో ఇల్లు మారకూడదమ్మా. శ్రావణంలో చూద్దురుగాని," అని చిట్టెమ్మ అడ్డుపడింది. ఇందుమతికి ఆగడానికి ఏదో ఒక సాకు కావాలి. ఆగుదామనే అంది.

"నెలాగితే సెట్టుండదండి. ఈ ఎచ్చా, ఈ తేమా ఉన్నప్పుడు కోస్తేనే మళ్లీ ఏరు పుడద్ది," అన్నాడు అబ్బులు. ఆమె అయిష్టంగానే ఒప్పుకుంది.

మట్టి ఆరితే సులువుగా ఊడివస్తుందని రెండ్రోజులు నీళ్లు ఆపారు. మూడో రోజు అబ్బులు వెనక వరండాలో గోనెపట్టా పరిచి, పాత కత్తిని నా అంచు వెంబడి తిప్పి, మొదలు పట్టుకుని లాగాడు. రాలేదు. ఇందుమతి రోగుల మోకాళ్లు తట్టే రబ్బరు సుత్తి తెచ్చి నా పక్కల తట్టింది. అబ్బులు నవ్వాపుకున్నాడు. ఎనిమిదేళ్ల వేళ్లు నా ముచ్చటైన అంచు కింద గట్టిగా బిగుసుకుపోయాయి.

"రెండే దార్లండి. ఈ లావు ఏళ్లన్నీ మొదలంటా కోసెయ్యాలి, అప్పుడు సెట్టు బతుకుద్దని సెప్పలేను. లేదంటే కుండీ పగలగొట్టాలి."

"కుండీ మాష్టారిది," అంది ఇందుమతి.

"సెట్టూ ఆయనదేనండి."

నాకు భయమేసింది. చెట్టు మీద ప్రేమ లేదనను, పదహారేళ్లు మోశాను. అయినా పగలాలని ఎవరికుంటుంది? ఇందుమతి వేళ్లే కోయమంటుందని ఆశపడ్డాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

కింది వేళ్లు చూద్దామని అబ్బులు నన్ను పక్కకు ఒరగదీశాడు. నా అడుగున నల్లరంగుతో మాష్టారి చేతిరాత బయటపడింది. 2011, 2013, 2015, 2017లో నాలుగు తేదీలు, నాలుగూ జూలైలోవే. ఒక్కోదాని పక్కన "మూడో వంతు వేళ్లు తీశాను" అని ఉంది. వాటి కింద, తర్వాతి వంతుకని, 2019 అని ముందే రాసి ఉంది. దాని పక్కన ఏమీ లేదు.

"మాష్టారు ఆషాడంలోనే చేసేవారా," అంది చిట్టెమ్మ మెల్లగా.

ఇందుమతి ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇనప సుత్తి ఇలా ఇవ్వండి, అబ్బులుగారూ," అంది.

మూడు దెబ్బలకు పగిలాను.

చిక్కుపడ్డ వేళ్లను అబ్బులు పాత ఫోర్కుతో అంచుల నుంచి కిందికి దువ్వాడు. అడుగున చుట్టుకున్న లావు వేళ్లను ఇందుమతే కత్తిరించింది, మూడో వంతు మించకుండా. తెల్లటి సన్న వేళ్ల జోలికి పోలేదు. కోసినచోట కారిన పాలను తడిగుడ్డతో అద్దింది. అబ్బులు తెచ్చిన కొత్త కుండీ అంచు బయటికి విచ్చుకుని ఉంది. దాని రంధ్రాల మీద జాలీ పరిచి, చెట్టు ఊగకుండా తీగతో కట్టి, ఇసుకా చివికిన ఆకులూ కలిపిన మట్టి పోసి, వేళ్ల మధ్య ఖాళీ మిగలకుండా సన్నపుల్లతో గుచ్చారు. అడుగు నుంచి తేట నీరు వచ్చేదాకా తడిపారు.

"నెల రోజులు ఎరువెయ్యకండి. ఏసీ గాలి, ఎర్రటెండ తగలనీకండి. ఆకులు రాల్తాయి, కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి," అని అబ్బులు మరీమరీ చెప్పాడు.

సగం ఆకులు రాలాయి. ఇందుమతి కంగారు పడింది కానీ నీళ్లు గుమ్మరించలేదు. తేదీలున్న పెంకును తన బల్ల మీద పెట్టుకుని, 2019 పక్కనున్న ఖాళీలో "ఆరేళ్లు ఆలస్యంగా చేశాను" అని రాసింది.

మిగిలిన నా పెంకుల్ని అబ్బులు మట్టి పోసేముందే శనగగింజలంత ముక్కలుగా దంచి, నీరు నిలవకుండా ఉంటుందని ఆ కొత్త మట్టిలోనే కలిపేశాడు. అందుకే ఇదంతా మీకు చెట్టు కింద నుంచి చెబుతున్నాను. మూడో వారంలో ఒక తెల్లటి వేరు మెల్లగా వచ్చి నా ముక్కనొకదాన్ని తాకింది. దారం కంటే సన్నంగా ఉంది. మర్నాటికి దాన్ని చుట్టుకుని పట్టుకుంది. పైన ఇందుమతి రోజూ మోడుకొమ్మల్నే చూస్తూ, చెట్టు పోయిందేమోనని చిట్టెమ్మతో అనేది. చిగురు కనిపించడానికి ఇంకో వారం పట్టింది. ఆ వారమంతా చెట్టు బతికిందని తెలిసింది నాకొక్కదానికే.