బర్కా బావి చప్పుడు

సినిమా తీయడం కూడా ఒక చదువేనని, దానికి యూనివర్సిటీలో డిపార్ట్‌మెంటు, పరీక్షలు, మార్కులు ఉంటాయని తయ్యబా చెప్పినప్పుడు నేను పకపకా నవ్వాను. మా ఊళ్లో సినిమా చూసొస్తేనే వీపు విమానం మోత మోగేది. తీస్తే మార్కులట! "ఇదేం సదువే తల్లీ, యాడా యిన్లేదు" అన్నాను. ఆ పిల్ల మూతి ముడుచుకుని రెండు రోజులు నా చేతి చపాతీ ముట్టలేదు.

తయ్యబా నేను మస్కట్‌లో పనిచేసే ఇంటి పిల్ల. కడప జిల్లా నుంచి నేను ఈ ఇంటికి వచ్చేనాటికి దానికి పది నెలలు, ఇప్పుడు ఇరవై ఒకటి. నన్ను ఖాలా అని పిలుస్తుంది, అంటే పిన్ని. మా ఇద్దరి మాటా సగం హిందీ, సగం అరబ్బీ. కోపం వస్తే మాత్రం నాది తెలుగే. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో పుట్టిన భాష అదే కాబట్టి తిట్లు అందులోనే బాగా వస్తాయి. ఆ తిట్లన్నీ ఆ పిల్లకి అర్థమవుతాయి కూడా.

ఈ ఏడు అది తీసిన సినిమా వాళ్ల తాత బావి గురించి. ఆయన్ని నేను పెద్ద బాబా అంటాను. బర్కాలో ఆయనకు ఖర్జూరం తోట ఉంది. మోటర్లు రాకముందు అక్కడ తోలు బొక్కెనతో, ఎద్దును కట్టి నీళ్లు తోడేవారట. తర్వాత సముద్రపు నీరు నేల లోపలికి ఊరి వచ్చి నీళ్లు ఉప్పగా మారాయి. ఇప్పుడు రెండు రాతి స్తంభాలు, చెదలు తిన్న చెక్క గిలక, ఎద్దు దిగే వాలుబాట మిగిలాయి. తయ్యబా వాటినే పదకొండు నిమిషాలు తీసింది. అందులో ఎవరూ మాట్లాడరు. కళ్లకు కనబడేది చచ్చిపోయిన బావి, చెవులకు వినబడాల్సింది అది బతికున్నప్పటి చప్పుడు.

ఆ చప్పుడే దొరకలేదు. ఆ బావి నడవగా తయ్యబా ఏనాడూ చూసింది కాదు. తలుపు కిర్రుమనడం, కుళాయి నీళ్లు పడటం కలిపి ఏదో అతికించి ఒకరోజు వంటింట్లో నాకు వినిపించింది.

నాకు ఒళ్లు మండింది. "ఇదేందే! కక్కూసు తలుపు మాదిరిగుండాది. బావి ఇట్ల ఏడుచ్చాదా?" అన్నాను.

"మరి ఎట్లా ఏడుస్తుంది ఖాలా? నీకు తెలుసా?"

తెలియకపోవడమేంటి! నాకు పదేళ్లొచ్చేదాకా మా నాయన కపిల తోలాడు. మా వైపు ఎద్దులతో నీళ్లు తోడే బావిని కపిల అంటారు. తెల్లవారకముందే గిలక కూత వినే నేను నిద్ర లేచేదాన్ని. ఆ తర్వాత కరెంటు మోటరు వచ్చింది, ఆ తర్వాత బావినే పూడ్చి దాని మీదుగా బైపాస్ రోడ్డు వేశారు. ఇదంతా ఆ పిల్లకి ఎన్నడూ చెప్పలేదు. ఎవరడిగారు గనక చెప్పడానికి?

అట్లా ఆ వేడి ఏప్రిల్‌లో ఇద్దరం స్టోర్ రూములో చేరాం. గోడలకు దుప్పట్లు వేలాడదీశాం. ఏసీ మోత వస్తుందని ఏసీ, ఫ్రిజ్ మోత వస్తుందని ఫ్రిజ్ ఆపేశాం. చెమటలు కారుతుండగా నేను పనిలోకి దిగాను. చపాతీ కర్రను చెక్క స్టూలు కాళ్ల మధ్య బిగించి, ఉప్పునీళ్లు చల్లి తిప్పితే గిలక కూసింది. తోలు బొక్కెనకి ఏం చేయాలో తోచలేదు. బీరువా మీద మామాది, అంటే తయ్యబా వాళ్లమ్మది, పాత తోలు హ్యాండ్‌బ్యాగు కనబడింది. బకెట్లో ముంచి లేపాను. కడుపునిండా నీళ్లు తాగి, కారుతూ పైకొచ్చింది. "అమ్మ చూస్తే ఇద్దర్నీ ఇంట్లోంచి గెంటుతుంది" అని తయ్యబా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక ఎద్దుల నడక. ట్రేలో తడిమట్టి పోసి, కళ్లు మూసుకుని పిడికిళ్లతో వేశాను. ఎంతసేపు వేశానో నాకే తెలియదు.

అన్నీ కలిపి కుట్టాక తయ్యబా నా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టింది. యా అల్లా! అది స్టోర్ రూము కాదు. ఎద్దులు లాగే మోకుతాడు మీద కూర్చుని వాలులోకి దిగుతున్నట్టే ఉంది. స్టూలు ఏది, బ్యాగు ఏది, నేనేది? నా చేతులు చేసినదాన్ని నేనే నమ్మేశాను. చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాను. గిన్నెలు తోమి తోమి అరిగిన ఆ పాత చేతులే.

సినిమా చివర నా పేరు వేస్తానని తయ్యబా పట్టుబట్టింది. వేశావంటే హ్యాండ్‌బ్యాగు సంగతి కూపీ లాగుతారు, వద్దన్నాను. చివరికి "చప్పుళ్లు: మా ఇల్లు" అని వేసింది.

అసలు సంగతి ఇక్కడుంది. వాళ్ల డిపార్ట్‌మెంటులో ఆనర్ సొసైటీ అని ఒక సంఘం ఉంది. బాగా చదివే పిల్లలకే అందులో చోటు. ఏటా ఒక విందు పెట్టి, ఆ ఏటి మంచి సినిమాకి షీల్డు ఇచ్చి, తీసినవాళ్లను సంఘంలో చేర్చుకుంటారు. నిజంగా ఉన్న మనుషుల మీద తీసిన సినిమా అయితే వాళ్లకొక కట్టుబాటు. ఎవరి మీద తీశారో వాళ్లను విందుకు పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెడతారు. సినిమా అయ్యాక అందరి ముందూ ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఇందులో ఉన్నది నిజమేనా?" కాదన్నారంటే షీల్డూ లేదు, చోటూ లేదు. తయ్యబాకి ఇది ఆఖరి ఏడు. రెండేళ్లు దాని సినిమా ఆ విందు దాకా కూడా పోలేదు, ఈసారి పోయింది. పెద్ద బాబానేమో మనవరాలి కోసమైనా సరే లేనిది ఉందనే మనిషి కాదు. పెళ్లి విందులో పాయసం మాడిందని పెళ్లికొడుకు మొహం మీదే చెప్పినాయన!

ఆ సాయంత్రం డ్రైవర్ దేవయ్య నన్ను కూడా కారెక్కించుకున్నాడు. జగిత్యాల మనిషి, వేళాకోళం లేనిదే బండి నడపడు. "ఏందక్కా, కొత్త చీర గట్టినవ్. నీ సప్పుడుకు షీల్డు ఇస్తరా ఏంది?" అన్నాడు.

"నోరు మూసుకుని రోడ్డు సూడు" అన్నాను గానీ దారిపొడవునా చీర కుచ్చిళ్లే సర్దుకుంటూ కూర్చున్నాను.

ఆ హాలు గడప దగ్గరే ఆగిపోయాను. గుండ్రటి బల్లలు, తెల్లటి గుడ్డలు, ఊదు పొగ. మడమలదాకా వేలాడే తెల్ల దిష్‌దాషాల్లో అబ్బాయిలు, నల్ల బురఖాల్లాంటి అబాయాల మీద పచ్చపట్టీలు వేసుకున్న అమ్మాయిలు. గోడంత తెర. ఇరవై ఏళ్ల పిల్లలు ఒక్కొక్కరు స్టేజీ ఎక్కి తమ సినిమా గురించి చెబుతుంటే పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చేతులు కట్టుకుని విన్నారు. ఈ పిల్లలకు ఇంత మర్యాదా అని ఆశ్చర్యపోయాను. దేవయ్య, నేను అన్నిటికంటే వెనక బల్ల దగ్గర కూర్చున్నాం.

తయ్యబా సినిమా మొదలైంది. దీపాలు ఆరిపోయాయి. తెర మీద ఎండిపోయిన బావి, గాలికి కదిలే ఒక ఎండు మట్ట, ఇంకేమీ లేదు. అప్పుడు గిలక కూసింది. హాలు హాలంతా ఒక్కసారి నిటారుగా అయింది. మోకు బిగిసింది, అడుగులు వాలులోకి దిగాయి, లోతులో ఎక్కడో తోలు బొక్కెన నీళ్లలోంచి లేచింది. ఖాళీ కాలవను చూపిస్తుంటే నీళ్లు గలగలా పారుతున్నాయి. ఆ నీళ్లు కనబడవు, అయినా నా పక్క బల్ల దగ్గర ఒకామె కాళ్లు వెనక్కి లాక్కుంది, తడుస్తాయేమోనన్నట్టు. దేవయ్య లాంటి వాగుడుకాయ కూడా గుడ్లప్పగించి చూశాడు. చేసింది నేనని తెలిసి కూడా నాకు భయం వేసింది. మసీదులో నిలబడ్డప్పుడు వేసే భయం లాంటిది.

నేను మాత్రం ముందు వరసలో పెద్ద బాబా తలపాగానే చూస్తున్నాను. అది పదకొండు నిమిషాలూ అంగుళం కదలలేదు.

దీపాలు వెలిగాయి. చప్పట్లు కొట్టలేదు, ప్రశ్న అడిగేదాకా కొట్టకూడదట. డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం మైకు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది. తయ్యబా స్టేజీ మీద వేళ్లు నలుపుకుంటోంది.

"జద్దీ, మీ మనవరాలి సినిమాలో ఉన్నది నిజమేనా?" జద్దీ అంటే తాతయ్యా అని.

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "బొమ్మ నాది. చప్పుడు నాది కాదు. ఇది నా బావి కాదు" అన్నాడు.

తయ్యబా తల వాలిపోయింది. చేతులారా ఆ పిల్ల నోట్లో మన్ను కొట్టాను కదరా దేవుడా! ఊరుకున్నదాన్ని ఊరుకోకుండా నాకెందుకు ఈ పెద్దరికం? ఆ కక్కూసు తలుపే ఉంచి ఉంటే పోయేది. ఆ ముసలాయన మీద కూడా పీకలదాకా కోపం వచ్చింది. ఒక్కగానొక్క మనవరాలు, ఒక్క మాట 'అవును' అంటే ఆయన సొమ్మేం పోయింది!

"గిట్లన్నడేంది అక్కా!" అన్నాడు దేవయ్య నీరసంగా.

పెద్ద బాబా ఇంకా మైకు వదల్లేదు. "నా బావికి ఒకటే ఎద్దు. మా బాతినా తీరం వైపు అందరికీ ఒకటే. ఇక్కడ రెండు నడుస్తున్నాయి, జోడుగా. ఎడమవైపు దానికి కాలు కుంటు. దిగేటప్పుడు దాని అడుగు కొంచెం ఆలస్యంగా పడుతోంది."

ఎడమ ఎద్దు కుంటిదే! ఆ సంగతి నేను తయ్యబాకి చెప్పలేదు. అసలు వేసేటప్పుడు నాకే గుర్తులేదు. కపిల అంటే రెండెద్దులే కదా అని కూడా అనుకోలేదు, కుడిచెయ్యి ఒక ఎద్దు, ఎడమచెయ్యి ఇంకో ఎద్దు అయిపోయాయి. నలభై అయిదేళ్లుగా ఆ కుంటు నా ఎడమచేతిలో ఉందని నాకు తెలియదు. ఆ ముసలాయన విన్నాడు. ఏం చెవులవి! మనిషికి అట్లాంటి చెవులుంటాయా?

"అయితే ఇది అబద్ధమంటారా?" హెడ్ మేడం మెల్లగా అడిగింది.

ఆయనకు చిర్రెత్తింది. "అబద్ధమని నేనన్నానా? అబద్ధం కుంటుతుందా? ఇది నీళ్లు తోడుతున్న బావి. నాది కాదు, అంతే. ఎవరిదో వాళ్లని అడగండి ఆ ప్రశ్న. నన్నెందుకు అడుగుతారు?"

తయ్యబా తలెత్తి హాలు చివరికి చూసింది. దానితో పాటు రెండొందల తలలు వెనక్కి తిరిగాయి. నేను బల్ల కిందికి దూరిపోదామనుకున్నాను.

"లేవక్కా" అన్నాడు దేవయ్య. ఆ గొంతులో వేళాకోళం లేదు. "లే, నీ బావే గదా."

బల్లల మధ్యగా నడిచాను. చీర కొత్తదేగానీ కాళ్లకున్నవి డ్యూటీ చెప్పులు, పాలరాతి మీద టపటపలాడాయి. ఇరవై ఏళ్లుగా ఇట్లాంటి విందుల్లో ట్రే పట్టుకుని నడిచాను. ఒట్టి చేతులతో నడవడం ఇదే మొదటిసారి, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హెడ్ మేడం నన్ను పైనుంచి కిందిదాకా చూడలేదు, ముఖంలోకే చూసింది. పెద్ద బాబాని అడిగిన మర్యాదతోనే నన్నూ అడిగింది.

"అమ్మా, ఈ సినిమాలో వినిపించింది నిజమేనా?"

"నిజమే మేడం. మా నాయన కపిల అది" అన్నాను. అన్నాక గానీ తెలుగులో అన్నానని తెలియలేదు. మళ్లీ అరబ్బీలో చెప్పాను: మా నాన్న బావి, నా చేతులతో చేశాను, ఈ పిల్ల పట్టుకుంది, ఇందులో మోసం లేదు. హ్యాండ్‌బ్యాగు ముక్క మాత్రం మింగేశాను.

"రాసుకోండి. నిజమే" అన్నాడు పెద్ద బాబా.

అప్పుడు చప్పట్లు మోగాయి. రెండొందల మంది లేచి నిలబడి కొట్టిన చప్పట్లు. తయ్యబా షీల్డు పుచ్చుకుని తిన్నగా వచ్చి నా మెడ పట్టుకుని వేలాడింది, పది నెలలప్పటిలాగే. దాని కళ్లనీళ్లతో నా కొత్త జాకెట్టు భుజం తడిసిపోయింది.

తినే వేళకు నేను వెనక బల్లకు వెళ్లబోతే పెద్ద బాబా పక్క కుర్చీని చేతికర్రతో తట్టాడు, కూర్చోమని. కూర్చున్నాను. ఇరవై ఏళ్లు ఆయనకు వడ్డించినదాన్ని, ఆయన నా పళ్లెంలో అన్నం పెట్టి మాంసం ముక్కలు వేశాడు.

"ఆ కుంటిదాన్ని అమ్మేశారా?" హిందీలో అడిగాడు.

"లేదు బాబా. మోటరొచ్చినాక గూడా మా నాయన అమ్మలేదు. సచ్చేదాకా మా కొట్టంలోనే ఉండె."

ఆయన తల ఊపాడు. "పేరేంటి?"

ఈ దేశంలో నన్ను జీతమెంతని అడిగారు, పిల్లలెందరని అడిగారు, ఎప్పుడు పోతావని అడిగారు. మా ఎద్దు పేరు ఎవరడుగుతారు?

"మైలోడు" అన్నాను.

పెద్ద బాబా ఆ పేరును ఒకసారి తనలో తాను పలుక్కున్నాడు. తర్వాత కళ్లు మూసుకుని, ఎదురుగా నిలబడ్డ ఎద్దును వాలులోకి అదిలించినట్టు, నాలుకతో రెండుసార్లు టక్ టక్‌మనిపించాడు. మా నాయనా అచ్చం అట్లాగే అనేవాడు. అంత పెద్ద హాల్లో, అంతమంది ముందు, అన్నంలో చెయ్యి పెట్టుకుని నేను భోరుమని ఏడ్చాను.