మెట్ల మీది లైటు

కూర కింద మంట తగ్గించి, చేతులు తుడుచుకుని మళ్లీ పరీక్ష పేపర్ల ముందు కూర్చున్నాను. ముప్పై ఒక్క పేపర్లలోనూ ఒకటే జవాబు. ‘మేడమెట్ల దీపం’ అన్న నవల పేరులో ప్రతీకార్థం ఏమిటి? మెట్ల మీద దీపం పెట్టి భర్త కోసం ఎదురుచూసే నాయిక సహనానికి ఆ దీపం ప్రతీక. అక్షరం పొల్లుపోకుండా అందరూ గైడులోంచి బట్టీ కొట్టారు. కొట్టక ఏం చేస్తారు, గైడు మీద పేరు మా ఆయనది. నేను పాఠం చెప్పే డిపార్ట్‌మెంటుకి ఆయనే హెడ్డు. ఆ జవాబు రాసింది మాత్రం నేను, పదేళ్ల కిందట, ఇదే బల్ల మీద, ఒళ్లో పిల్ల ఏడుస్తుంటే. “నీ దస్తూరీ బాగుంటుంది, కాస్త సాపు చేసిపెట్టు,” అన్నారు. సాపు చెయ్యడానికి ఆయన చిత్తుప్రతి రాస్తేగా.

ముప్పై రెండో పేపరు వెనక బెంచీ అమ్మాయిది. ‘ఆ దీపం ప్రేమతో పెట్టింది కాదు. మెట్లెక్కి వచ్చే మనిషి ముఖం ముందుగా చూసుకోవడానికి. కోపంగా ఉంటే పిల్లల్ని లోపలికి పంపేయొచ్చు.’

ఆ జవాబు మళ్లీ చదివాను. చీకటి పడకముందే మెట్ల మీద లైటు వేయడం నాకు ఇన్నేళ్ల అలవాటు. “మావాడి కోసం లైటేసుకుని కూర్చుంటుంది, పిచ్చిది,” అని అత్తగారు చుట్టాల దగ్గర మురిసిపోయేది. నేనూ నవ్వేదాన్ని. కిటికీలోంచి ఆయన ముఖం చూసి, పిల్ల చేతిలో బొమ్మ లాక్కుని పుస్తకం పెట్టేదాన్ని.

దీనికి మార్కులు వేస్తే ఆ అమ్మాయి గట్టెక్కుతుంది, లేకపోతే తప్పుతుంది. కట్ట మళ్లీ ఆయన చూస్తారు. “గైడులో లేనిదానికి మార్కులేంటి, మతి పోయిందా?” అని పోయినేడు స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నారు. అందరూ టీ కప్పుల్లోకి చూశారు. పెన్సిల్‌తో సున్నా వేశాను.

కింద గేటు చప్పుడైంది. లైటు వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. స్విచ్ దగ్గరికి పరుగెత్తాను. నొక్కబోతుంటే పక్కగదిలో మా పిల్ల, నేనేమీ చెప్పకుండానే, టీవీ కట్టేసి పుస్తకం తెరిచింది.

స్విచ్ నొక్కకుండానే వెనక్కి వచ్చి సున్నా చెరిపేశాను. ఎర్ర పెన్నుతో పూర్తి మార్కులు వేశాను.

“లైటేదీ? మెట్లు కనబడక చచ్చాను,” అంటూ ఆయన లోపలికొచ్చారు.

పేపరు ఆయన చేతికిచ్చాను.

“ఈ అమ్మాయి రాసిందే సరైన జవాబు. గైడులోది తప్పండీ. రాసింది నేనే కదా, నాకు తెలుసు.”