కొలత పడని మట్టి

మారెన్న మీద మట్టిచరియ విరిగిపడిన నాడు మనిషితోపాటు అతని కొలతదిబ్బ కూడా పోయింది. మనిషి పోయినందుకు కూలీల బసలో అందరూ ఏడ్చారు. దిబ్బ పోయినందుకు ఏడవాలని ఆ పూట ఎవరికీ తట్టలేదు.

తుంగభద్ర కాలువ తవ్వకంలో ఒక పద్ధతి ఉండేది. జతకొక గుంట ఇస్తారు. జత అంటే పార పట్టడానికి మగమనిషి, గంప మోయడానికి ఆడమనిషి. గుంట నడుమ కొంత నేలను ముట్టకుండా వదిలి చుట్టూ తవ్వాలి. తవ్వేకొద్దీ అది దిబ్బలా నిలబడుతుంది. దాని నెత్తిన పాత నేల, పాత గడ్డి అట్లే ఉంటాయి. ఓవర్సీరు వచ్చి దిబ్బ ఎత్తును బట్టి లోతు కొలుస్తాడు. దిబ్బ ఉంటేనే కొలత. కొలత ఉంటేనే కూలి.

మారెన్నను వెలికి తీయడానికి జనం చేతులతో మట్టి తోడుతున్నారు. అతని భార్య నాగక్క గోళ్లు చీలి నెత్తురు కారుతున్నా ఆగలేదు. అప్పుడు కూలీలను పనిలోకి తెచ్చిన గోపన్న మేస్త్రీ గట్టు మీదికి వచ్చి తన మనుషులను గుంటలోకి దింపాడు.

"ఆ దిబ్బ అడ్డముండాది. పడగొట్టండ్రా."

దిబ్బ ఆ పక్కన ఉంది. మారెన్న ఈ పక్కన ఉన్నాడు. అది అందరూ చూశారు. పీనుగ బయటికి వచ్చేసరికి దిబ్బ నేలమట్టమయింది. మేస్త్రీ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత అడిగాడు:

"పార యాడుండాది? అది కంట్రాక్టరయ్యది."

ఎవరో మట్టిలోంచి పార తీసి ఇచ్చారు.

మారెన్న చేసిన తప్పు అందరూ చేసేదే. పోయిన కొలతలో తక్కువ పడిందని తొందరపడ్డాడు. పైనుంచి దిగుతూ తవ్వకుండా అడుగున తొలిచాడు. అడుగున తొలిస్తే పైమట్టి దానంతట అదే కూలుతుంది, సగం శ్రమ తప్పుతుంది. చరియ ఎప్పుడు విరుగుతుందో చెవిపెట్టి వింటూ తొలవాలి. అలిసిన మనిషికి చెవులు పనిచేయవు.

వాళ్లది ఆలూరు దిక్కు నల్లరేగడి సేద్యం. వరసగా వానలు మొహం చాటేశాయి. ఒక ఎద్దు గడ్డి లేక చచ్చింది. రెండోదాన్ని సర్కారు కరువు గంజికేంద్రాలు నడిచిన రోజుల్లో వచ్చినకాడికి అమ్ముకున్నారు. షావుకారు చేతికి పోతున్న చేనును నిలుపుకోవాలని గోపన్న మేస్త్రీ దగ్గర నూట అరవై రూపాయలు అడ్వాన్సు తీసుకుని బసకు వచ్చారు. ఒక ఏడాది ఒళ్లు వంచితే తీరిపోతుందనుకున్నారు. ఇద్దరూ ఒళ్లు వంచారు. చంటివాణ్ణి గట్టు మీద తుమ్మచెట్టుకు గుడ్డ ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవాళ్లు. పన్నెండేళ్ల హనుమంతమ్మ వాణ్ణి ఊపుతూ, వాడు నిద్రపోతే తనూ ఒక చిన్న గంప మోసేది. నాగక్క నాలుగు గంపలు మోసి పాలివ్వడానికి వస్తే పాలు వచ్చేవి కావు.

అప్పు మాత్రం తగ్గలేదు. జొన్నలు మేస్త్రీ అంగడిలో మేస్త్రీ చెప్పిన ధరకు కొనాలి. కొలత దగ్గరపడేసరికి దిబ్బ నెత్తి జానెడు తెగి ఉండేది. ఒకసారి జనం సంతకు పోయినప్పుడు, ఒకసారి క్రైస్తవులు ప్రార్థనకు పోయినప్పుడు. ఎవరు కొట్టారని అడిగితే మేస్త్రీ నవ్వేవాడు.

"గొర్రెలు ఎక్కినాయేమోలే."

గొర్రెలు అప్పున్నవాళ్ల దిబ్బలే చూసి ఎక్కేవి.

దినవారం మరునాడు గోపన్న గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నాగక్కా, పోయినోడు పోయినాడు. అప్పు పోదు గదా. జత లేని మనిషికి గుంట ఇచ్చేకి కుదరదు. కడపలో కంట్రాక్టరయ్య ఇంట్లో బిడ్డను ఎత్తుకునేకి ఒక పిల్ల కావాలంట. నీ కూతుర్ని పంపు. తిండి, గుడ్డ వాళ్లే ఇస్తారు. అప్పు తెగిపోతాది."

"ఎన్నాళ్లకు తెగుతాదప్పా?"

"అదేమన్నా దారమా, ఇప్పుడు తెగుతాదని చెప్పేకి? వచ్చే కొలతకు జీపు వస్తాది. అప్పటికి దుడ్లు కట్టు. ల్యాకుంటే పిల్లను జీపులో ఎక్కించు."

"ఆయప్ప తవ్విన గుంట కొలిస్తే సగం అప్పు తీరిపోతాది. దాన్ని కొలిపియ్యి."

"దిబ్బ యాడుండాది మ్మే కొలిచేకి?" అన్నాడు మేస్త్రీ.

అతను పోయాక నాగక్క అత్త మహాదేవమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. చేత్తో తడిమి మనవరాలి తల పట్టుకుని నెమ్మదిగా అంది:

"పంపుమ్మే. ఈడుంటే ఆకలికి సస్తాది. ఆడ వాళ్లు పారేసిందన్నా తింటాది."

"ఏడాదిలో ఇంటికి పోదామని నీ కొడుకు గూడా అన్న్యాడు అత్తా."

"అన్న్యాడు. నేనూ నమ్మినా. ఇంగ నమ్మేకి నాకు ఓపిక ల్యాదు."

నాగక్కకు అత్త మీద కోపం రాలేదు. అదే ఆమెను భయపెట్టింది. అత్త మాటలో తప్పు కనబడలేదు.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం గుంటల మధ్య జనం కూడారు. పిలిచింది జ్ఞానమణి. ఆమె, ఆమె మొగుడు ఏసన్న అప్పుకోసమే డోన్ దిక్కు నుంచి వచ్చిన క్రైస్తవులు. బసలో వాళ్ల గుడిసెలు వేరు, నీళ్లకుండలు వేరు. మారెన్నను వెలికి తీసేటప్పుడు మాత్రం ఎవరి చెయ్యి ఎవరిదో ఎవరూ చూడలేదు.

వచ్చినవాళ్లు మొదట రెండు గుంపులుగా కూర్చున్నారు. మాట ఎట్లా మొదలుపెట్టాలో ఎవరికీ తెలియకపోతే గిడ్డయ్య అనే కూలి అందుకున్నాడు.

"కర్నూలుకు రాజధాని వచ్చిందంట గదా. ఆపీసులన్నీ గుడారాల్లోనంట. అంటే సర్కారు గూడా మన మాదిరే బసలో ఉండాది. దానికి అడ్వాన్సు ఎవురిచ్చినారో!"

కొందరు నవ్వారు. నాగక్క నవ్వలేదు. ఆమె నిలబడి చెప్పింది.

"ఎవురి గుంట వాళ్లకుంటే ఎవురి దిబ్బ వాళ్లకే ఉంటాది. వాడు ఈపొద్దు ఒకరిది కొడతాడు, రేపు ఇంకొకరిది కొడతాడు. కొట్టిననాడు తక్కినోళ్లం తల వంచుకుని తవ్వుకుంటాం. నేనూ అట్లనే తవ్వుకున్న్యా. ఇప్పుడు అందరం ఒకటే గుంట తవ్వుదాం. ఒకటే దిబ్బ పెడదాం. అందరం కాపు కాద్దాం."

"మరి దుడ్లు?" అన్నాడు పెద్ద ఈరన్న. అతను బసకు పెద్ద. అందరికంటే ముందు వచ్చినవాడు, అందరికంటే ఎక్కువ అప్పున్నవాడు.

"దుడ్లు ఒక చోటికే రానీ," అంది జ్ఞానమణి. "ముందర నాగక్క అప్పు కడదాం, పిల్ల నిలబడతాది. తర్వాత ఒకరెనక ఒకరిది."

వెనకనుంచి ఒకడు లేచాడు. "నాకుండేది ముప్పై రూపాయలు. రెండు కొలతలైతే నేను ఇంటికి పోతా. వేరేవాళ్ల అప్పు నేనేంటికి మోయల్ల?"

"పోయిన సంక్రాంతికి గూడా నీకు ముప్పయ్యే ఉండె గదప్పా?" అని గిడ్డయ్య అడిగాడు. అతను కూర్చున్నాడు.

ఏసన్న లేచాడు. "ఆదివారం మేం ప్రార్థనకు పోతాం. అప్పుడు మీరు దిబ్బ కాడ ఉండండి. మీరు సంతకు పోయిననాడు, మారెమ్మకు పెట్టుకున్ననాడు మేం ఉంటాం. వాడికి ఖాళీ దినం దొరకగూడదు."

"కాపు కాసేటోళ్లకు నీళ్లు?" అని ఒక ముసలామె అడిగింది. అందరికీ అర్థమయింది. పెద్ద ఈరన్న లేచి, తమ కుండ తెచ్చి, రెండు గుంపుల నడుమ పెట్టాడు. జ్ఞానమణి ముంచుకుని తాగింది. ఆ ముసలామె లేచి వెళ్లిపోయింది. మరి కొందరూ వెళ్లారు. మిగిలినవాళ్లు ఉన్నారు.

సోమవారం పొద్దున మారెన్న గుంటను ఆనుకుని పెద్ద గుంటకు ముగ్గుపోశారు. నడుమ తంగేడు పొద ఉన్న చోటును దిబ్బకు ఎంచుకున్నారు. పైన మట్టి పోసి దిబ్బ ఎత్తు పెంచారని మేస్త్రీలు సాధారణంగా వేసే నింద. వేరు దిగిన తంగేడును ఎవరూ తెచ్చి పోయలేరు.

మేస్త్రీ చూసి మొదట నవ్వాడు. రెండోనాడు తిట్టాడు. మూడోనాడు అంగడికి తాళం వేశాడు. జొన్నలు లేవు. ఉన్నవాళ్లు లేనివాళ్లకు గంజిలో నీళ్లు పెంచి పోశారు. రెండు కుటుంబాలు చెప్పకుండా వెళ్లిపోయాయి. వాటిలో ముప్పై రూపాయల మనిషి లేడు. అతను తిట్టుకుంటూనే తవ్వుతున్నాడు. నాగక్కకు ఇప్పుడు జత అక్కర్లేదు. ఎవరి పార ముందుంటే ఆ గంప ఎత్తుకునేది. పొద్దుగూకి గుడిసెకు వస్తే చంటివాడు ఏడుస్తుండేవాడు, అత్త గొణుగుతుండేది, కూతురు తల్లి ముఖం చూసి ఏమీ అడిగేది కాదు.

"అమ్మా, కడప శానా దూరమా?" అని ఒక్కసారి అడిగింది.

"నీకేంటికి? నువ్వు పోవు," అంది నాగక్క. అంటున్నప్పుడు ఆమెకే నమ్మకం లేదు.

గుంట దిగింది. తంగేడు పైకి లేచినట్టు కనబడింది. మనిషి ఎత్తు దాటింది. దిబ్బకు జానెడు కాదు, వేలెడు కూడా తగ్గలేదు.

కొలతనాడు జీపు వచ్చింది. ఓవర్సీరు దిగి గుంట చూశాడు, దిబ్బ చూశాడు, తంగేడు చూశాడు. పని తెలిసినవాడే. టేపు చేతిలోకి తీసుకున్నాడు. మేస్త్రీ అతన్ని పక్కకు పిలిచి మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి టేపు జేబులో ఉంది.

"జతకొక గుంట ఉండాలి. ఇట్లా కలిపి తవ్వితే కొలవడానికి రూలు లేదు."

"మట్టి తవ్వినామా లేదా సామీ?" అన్నాడు పెద్ద ఈరన్న.

"తవ్వినారు. కాదనలేదు."

"అయితే కొలువు."

"ఎవరి పేర రాయాలి?"

"మా అందరి పేర్లూ రాయి," అంది నాగక్క. "ముందర మారెన్న పేరు రాయి. ఆ పక్క గుంట ఆయప్పది."

ఓవర్సీరు ఆమెను చూసి తల దించుకున్నాడు. మంచివాడు కావచ్చు. అతని మంచితనం టేపు జేబులోంచి బయటికి తీయలేదు.

జనం జీపుకు అడ్డంగా కూర్చున్నారు. దిబ్బ చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. నాగక్క దిబ్బ ఎక్కి తంగేడు మొదలు పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాటాక లారీలో పోలీసులు వచ్చారు. సర్కారు పనికి అడ్డం వస్తున్నారని ఒక కాగితం చదివారు. ఎవరూ లేవలేదు. లాఠీలు లేచాయి. ముప్పై రూపాయల మనిషి తల పగిలింది. "నా అప్పు తీరేకి రెండు కొలతలేరా!" అని అరుస్తూనే అతను పక్కవాడి చెయ్యి వదల్లేదు. ఏసన్నను, పెద్ద ఈరన్నను ఈడ్చుకుపోయారు. నాగక్కను కాళ్లు పట్టి కిందికి లాగారు. ఆమె పిడికిట్లో తంగేడు రెమ్మ తెగి వచ్చింది.

ఆమెనూ ఎక్కించుకుని లారీ కదులుతుంటే దిబ్బ దిక్కు నుంచి గడ్డపారల చప్పుడు వినబడింది. ఆమె తల తిప్పి చూడలేదు.

ఆదోని సబ్‌జైలుకు జ్ఞానమణి నడిచి వచ్చింది. చంటివాణ్ణి చంకన తెచ్చింది. కటకటాల సందులోంచి నాగక్క వాడి కాలు పట్టుకుంది. కూతురి సంగతి ఆమె అడగకముందే జ్ఞానమణి చెప్పింది.

"గోపన్న వచ్చినాడక్కా, పిల్ల కోసరం. మీ యత్త గుడిసె గడపలో కూర్చోనుంది. మేమందరం ఉరికినాం. మేం పోయేలోపలే ఆమె అడగతాంది. 'ఎవురి అప్పుకప్పా పిల్లను తీస్కపోయేది?' అని. 'నీ కొడుకు అప్పుకు' అన్న్యాడు వాడు. 'ఆ అప్పు ఇప్పుడు నా కొడుకుది కాదంట. అందరిదంట. తీస్కపోతే అందరినీ తీస్కపో. ముందర నన్ను ఎక్కించు, నాకు కండ్లు కనబడవు, చెయ్యి పట్టుకో' అని చెయ్యి చాపింది."

నాగక్క వాడి కాలు వదిలి కటకటాలు పట్టుకుంది.

"అత్త అనిందా?"

"అనింది. గిడ్డయ్య 'జీపు చాలదు మేస్త్రీ, లారీ తే' అన్న్యాడు. వాడు మళ్లా వస్తానని పోయినాడు."

"వస్తాడు," అంది నాగక్క.

"వస్తాడు. అంగడి ఇంగా తెరవల్యా. ఇంకో నాలుగిండ్లోళ్లు పోయినారు. కింది బసలో మాత్రం నిన్న గట్లు కొట్టేసి గుంటలు కలిపినారంట. మేం పోయి చెప్పల్యా. వాళ్లే ఇని చేసినారు."

"ఆ దిబ్బన్నా నిలుస్తాదా?"

"ఏమో అక్కా. మనది వేర్లతోసహా పోయింది."

వార్డరు టైమయిందన్నాడు. జ్ఞానమణి చంటివాణ్ణి ఎత్తుకుని వెళ్లింది. బసకు చేరేసరికి పొద్దుగూకుతుంది. ఏసన్న ఇంకా లోపలే ఉన్నాడు గనుక రేపు ఆమె పార పట్టాలి, గంప కూడా ఆమే మోయాలి.

నూట అరవై రూపాయలూ అట్లే ఉన్నాయి. గోపన్న మళ్లీ వచ్చేసరికి హనుమంతమ్మ ముందు ఎందరు నిలబడతారో ఎవరికీ తెలియదు. కాలువ తవ్వకం ముందుకు సాగిపోయింది. మారెన్న గుంటను ఇంకా ఎవరూ కొలవలేదు.