సంతకొచ్చిన చెవులపెట్టె

నేను ఒక దొంగచెవుల పెట్టెనట. ఎవరు ఏ ఎద్దును ఎంతకు అమ్ముకున్నారో విని ఇన్‌కంటాక్సు వాళ్ళకు మోస్తానట. సోడాబండి నాగరత్నం ఈ సంగతి పక్కనున్న పలుపుతాళ్ళ కొట్టాయనతో అన్నదట, ఆయన గడ్డిమోపుల వాళ్ళతో అన్నాడట. పొద్దెక్కేసరికి సంత మొత్తం నన్ను చూసి గొంతు తగ్గించింది. నిజానికి నాకంత తెలివే ఉంటే నా బతుకు ఇలా ఉండేది కాదు. ఇప్పుడు ఆ నాగరత్నం బండి మీదే, ఐసుపెట్టె ఒక పక్కకు ఒరిగిపోకుండా దాని కింద ఎత్తుగా పడి ఉన్నాను.

పుట్టుక మాత్రం ఘనమైనదే. హైదరాబాదులో అద్దాల మేడ, చల్లటి గది. నన్ను చేసిన కంపెనీ అప్పటిదాకా పట్నాల్లో కూరగాయల ధరలు చెప్పే యంత్రాలు అమ్ముకునేది. అక్కడ గిరాకీ మందగించాక, ప్రాంతీయ మార్కెట్లలోకి పోదామనుకున్నారు. గోడకు మ్యాపులు తగిలించారు, రంగురంగుల గీతలు గీశారు. ఎటు పోవాలో తేలలేదు. చివరికి తేల్చింది కంపెనీ పెద్ద దివాకర్ కామత్‌గారి కారు డ్రైవరు. కామత్‌గారు కారెక్కబోతూ చూస్తే, అతను ఫోనులో ఒంగోలు గిత్తల వీడియో చూస్తూ ఒళ్ళు మరిచి ఉన్నాడు. మర్నాడు మీటింగులో ఆయన, "తెలుగు జిల్లాలు. పశువుల సంతలు" అన్నారు. అందరూ తాము ముందునుంచీ అదే అనుకుంటున్నట్టు తలలూపారు. నేనూ ఊపేదాన్నే. తల లేదు గనుక ఎర్రదీపం వెలిగించాను.

సంతలో పలికే ధరలు విని, ఆనాటి ధర ఇదీ అని ఊరూరా రైతుల ఫోన్లకు చెప్పడం నా పని. నాకు తోడుగా యామిని అనే వినుకొండ అమ్మాయిని పల్నాటి సంతకు పంపారు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. నేను గట్టెక్కితే ఆమె పర్మనెంటు, లేకపోతే ఇంటికే. "పర్మనెంటయితే జీతమెంత సార్? నాతో చేరినవాళ్ళకు ఎంతిస్తున్నారు?" అని అడిగితే, "అలాంటివి మన ఆఫీసులో పైకి అనుకోరమ్మా" అని కామత్‌గారు నవ్వి పంపేశారు. నేను బల్ల మీదే ఉన్నాను, విన్నాను. వినడమొక్కటే కదా నాకొచ్చిన విద్య.

సంతలో నన్ను ఒక గుంజకు కట్టారు. చెవులు రిక్కించాను. ఎద్దు తాతముత్తాతల ప్రతాపాలు, కొనేవాడి పిసినారితనం, అమ్మేవాడి అత్తగారి ఊరు, అన్నీ వినపడ్డాయి. ధర దగ్గరికొచ్చేసరికి చప్పుడు ఆగిపోయేది. దళారి భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పేవాడు. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టి నొక్కి, ఆ నొక్కుల్లోనే ధర చెప్పుకునేవాళ్ళు. తలలు కాసేపు అడ్డంగా ఊగి, తర్వాత నిలువుగా ఊగేవి. బేరం అయిపోయేది. ఆ రోజు నాకు తేటగా వినపడిన ధర సోడాది ఒక్కటే. దాన్నే నమ్ముకుని, ఎద్దుల జత పదిహేను రూపాయలని జిల్లా అంతా చాటాను.

యామిని నా పక్కనే మొహం వేలాడేసుకుని కూచుంది. దళారుల్లో పెద్దవాడు మస్తాన్‌వలి అటుగా వచ్చాడు.

"ఏందమ్మాయ్, అట్టా ఉన్నావు?"

"దీనికి ధరలు వినపడకపోతే నా ఉద్యోగం పోద్ది బాబాయ్."

"ఓస్, ధరలేగా. ఎన్ని కావాలి నీకు?"

ఆ మరుసటి సంత నుంచి దళారులు ఒక్కొక్కరే వచ్చి నా చెవిలో ధరలు కేకేసి పోసాగారు. జాలితో మొదలైన పని పంతంలోకి దిగింది. ఒకడు చెప్పినదానికి తక్కువ చెబితే ఇంకొకడికి నామోషీ. వాళ్ళు పెంచేకొద్దీ నేను నమ్మాను. హైదరాబాదులో గోడమీది ధరల గీత పైకప్పును తాకిందట. తెలుగునాట ఉన్న సంతలన్నిటికీ నాలాంటి పెట్టెలు పంపాలని కామత్‌గారు తీర్మానించారట. వాటికి నేనే ఆదర్శమని విన్నప్పుడు, ఎండకు వేడెక్కానో గర్వంతో వేడెక్కానో నాకే తెలియలేదు.

ఇంతలో బొల్లాపల్లి వైపు నుంచి ఆదెయ్య అనే రైతు, నేను ఫోనులో చెప్పిన ధర విని ఎద్దుల జత తోలుకొచ్చాడు. తువ్వాలు కింద ఆయన ధర చెప్పడమే ఆలస్యం, కొనేవాళ్ళు చేతులు వెనక్కి లాక్కున్నారు. పొద్దు వాలేదాకా నిలబడి, గొడ్లకు నీళ్ళు పెట్టి యామిని దగ్గరికొచ్చాడు. "ఆ ధరకు నీ డబ్బానే కొనమను తల్లీ" అని, వచ్చిన దోవనే తోలుకుపోయాడు. ఆ పిల్ల తెచ్చుకున్న అన్నం డబ్బా మూత తీయలేదు.

పై సంతకు కామత్‌గారే దిగారు, వెంట ఆఫీసు మందితో, మొదటి విజయాన్ని కళ్ళారా చూడటానికి. యామిని ఎదురెళ్ళి అందరి ముందే చెప్పేసింది.

"ఇది చెప్పేవన్నీ ఉత్తుత్తి ధరలు సార్. నా ఉద్యోగం నిలబడాలని వీళ్ళు చెప్పారు. అసలు ధర తువ్వాలు దాటి బయటికి రాదు."

ఆ ముక్కతో తన ఉద్యోగానికి తనే నీళ్ళొదులుకుంది. నా ఎర్రదీపం మాత్రం ఎప్పటిలాగే బుద్ధిగా వెలుగుతోంది. కామత్‌గారు ఆమె వైపు చూడలేదు. మస్తాన్‌వలి వైపు తిరిగారు.

"అసలు ధర పైకి చెబితే మీకు వచ్చే నష్టమేమిటి? చాటుగా ఎందుకు?"

మస్తాన్‌వలి తువ్వాలుతో మొహం తుడుచుకుని, దాన్ని మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"నష్టమేం లేదు సార్. ముందు తమరి జీతమెంతో ఈ పిల్ల ముందర, ఈ డబ్బాకు చెప్పండి. ఆనక నేను చెబుతా."